పదకొండు గళ్ల పట్టిక

డ్రిల్లు కొనడానికి నాకు మూడు నెలలు పట్టింది. రాజాంలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డును వడ్రంగి గదిగా మార్చాను. అందులోకి రావలసిన మొదటి యంత్రం అదే. పేరున్న కంపెనీలు మూడు. ప్రకటనలను నేను నమ్మను. ముప్ఫై నాలుగేళ్లు భౌతికశాస్త్రం బోధించినవాణ్ని గనుక పట్టిక గీశాను: వాట్లు, వేగం, బరువు, వారంటీ, మరమ్మతు కేంద్రానికి దూరం... మొత్తం పదకొండు గళ్లు.

గది నాకోసమేనని అందరికీ చెప్పాను. నిజానికి అది మా అక్క దేముడమ్మ భర్త లక్ష్ముడు బావ కోసం. మా నాన్న దగ్గర పని నేర్చి, నలభై ఏళ్లు తలుపులూ కిటికీలూ చేసినవాడు. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచేతిలో పట్టు పోయింది. దాంతోపాటే నలుగురితో మాట్లాడడమూ తగ్గించేశాడు. "సేతిలో పని నేకపోతే ఆ మనిసి మనకి దక్కడురా" అని అక్క ఫోనులో ఏడ్చింది.

దుకాణం నడుపుతున్న నా పూర్వ విద్యార్థి నరసింగరావు మూడు డ్రిల్లులనూ ఒక పూట వాడి చూడమని ఇచ్చాడు. పేరు చూస్తే బుద్ధి ఒకవైపు మొగ్గుతుంది. అందుకే, గాలి రంధ్రాలు వదిలి, మూడింటికీ కాగితపు టేపు చుట్టి, అంకెలు వేశాను.

"ఏటిరా జగన్నాధం, మిషన్లకి కట్లు కట్టీసినావు? ఆసుపత్రి నుండి తెచ్చినావేటి?" అన్నాడు, నేను కబురు పెడితే షెడ్డుకు వచ్చిన బావ.

"పేరు తెలియకుండా చూస్తేనే గుణం తెలుస్తాది, బావా. ఏది మంచిదో నువ్వే చెప్పాలి."

"నానా సెప్పేది? గ్లాసు పట్టనేని సెయ్యిరా ఇది."

"ఎడమచెయ్యి ఉన్నాది కదా."

ఎడమ అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఒక్క కన్నం. అది తిన్నగా దిగకపోతే మరి ఈ షెడ్డు మొకం సూడను. మీ అక్కకి నువ్వే సెప్పుకో."

పట్టికలో ప్రథమ స్థానం ఒకటో నంబరుది. దాన్నే ఇచ్చాను. బిగించి ఉన్న పనస చెక్క మీద బిట్టు ఆనించి మీట నొక్కాడు. కన్నం సగం దిగాక, తిన్నగా ఉందో లేదో చూద్దామని మీట వదిలాడు. డ్రిల్లు ఆగలేదు. బిట్టు పక్కకు లాగి చెక్కను చీల్చింది. నేను ప్లగ్గు పీకేశాను.

"సూసినావా?" అన్నాడు బావ, పాలిపోయిన ముఖంతో. "అయిపోనాది నా పని."

డ్రిల్లు నేను తీసుకుని పరీక్షించాను. నా చేతిలో మూడుసార్లూ వెంటనే ఆగింది. అప్పుడు ఎడమచేత్తో పట్టుకున్నాను. పిడికి ఎడమపక్కన, మీటను నొక్కినట్టే నిలిపి ఉంచే చిన్న బొత్తం ఉంది. కుడిచేతివాడికి అది బొటనవేలికి అందుతుంది; ఎడమచేతివాడి అరచేతి కింద పడి తనంతట తానే నొక్కుకుంటుంది. పదకొండు గళ్లనూ నేను కుడిచేతివాడి లెక్కతోనే నింపాను.

"తప్పు నీ చేతిది కాదు, బావా. నాది."

"ఇన్నాళ్లకి ఒక తప్పు ఒప్పుకున్నావు. మీ నాన్నయితే పనిముట్టుకన్నా ముందు సెయ్యి సూసేవోడు. నా గుప్పిటి కొలిసి, నా ఉలికి పిడి ఆయనే సెక్కినాడు."

ఆ మాటతో అతనే లేచి, మిగిలిన రెండింటినీ ఎడమ గుప్పిట్లో పట్టి, కళ్లు మూసుకుని తూచాడు. మూడోది ఎంచుకున్నాడు. దానికి ఆ బొత్తమే లేదు.

"పట్టికలో అది ఆఖరిది, బావా."

"అయితే నీ పట్టికతో పెట్టు కన్నం."

ఈసారి మెల్లగా దిగింది. పనస పొట్టు పసుప్పచ్చగా రాలింది. మీట వదలగానే డ్రిల్లు ఆగింది. కన్నంలో కడ్డీ నిలబెట్టి కోణమానితో కొలిచాను. బావ నా ముఖమే చూస్తున్నాడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"రెండు డిగ్రీలు వాలింది" అన్నాను.

ఏడాది తర్వాత మొదటిసారి అతను నవ్వడం విన్నాను. "నాకూ అలగే అనిపించినాది. బాగుందని అనుంటే జాలి పడ్డావని లేచి పోదును. ఇంకో సెక్క బిగించు."

నాలుగో చెక్క మీద ఉండగా నరసింగరావు ఫోను చేశాడు. "ఏ కంపెనీ ఉంచుకుంటన్నారు, మాస్టారూ?"

మూడోదాని కంపెనీ పేరు నాకు గుర్తుకు రాలేదు; టేపు ఊడదీసి చూద్దామంటే డ్రిల్లు బావ చేతిలో ఉంది.