మిషను అవతలి చదువు

మా పిల్లను పక్క గదిలోకి మారుస్తామని బడివాళ్ళు కాగితం పంపారు. ఎనిమిదేళ్ళొచ్చినా ఒక్క ముక్క చదవడం లేదట. చదువు ఎక్కని పిల్లల్ని విడిగా కూర్చోబెట్టే గది అది. అందులోకి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ తరగతికి రావడం నేను చూడలేదు. మాటలు ఆలస్యంగా వచ్చాయన్న మాటే గాని, మా పిచ్చుక ఇంట్లో గడగడా చదువుతుంది. మరి వీళ్ళకు అబద్ధమాడే అవసరమేమిటి?

నేను సంతకం పెట్టనన్నాను. దాంతో ఇద్దరి మాటా వినడానికి ఒక మధ్యవర్తిని బడికి పిలిపించారు. ఆవిడ ఇటు బడి మనిషీ కాదు, అటు మా మనిషీ కాదు.

"తల్లి ప్రేమ, కాదనను," అంది టీచరు.

"ప్రేమకు అక్షరాలొస్తాయా టీచరుగారూ?" అన్నాను.

మధ్యవర్తి మా ఇద్దరినీ చూసింది. "ఇద్దరూ నిజమే చెబుతున్నారనుకుందాం. అదెలా కుదురుతుంది? అమ్మా, ఇంట్లో ఎలా చదివిస్తారో ఓసారి చూపించండి."

ఇంట్లో నేను బట్టలు కుడుతూనే పిల్లను చదివిస్తాను. అలా కుట్టు మిషను ముందు కూర్చున్నట్టే బల్ల ముందు కూర్చుని, పుస్తకం నావైపు పెట్టుకున్నాను. నాది ఐదో తరగతి చదువు. అక్షరం తిన్నగా ఉంటే తప్ప తప్పులు పట్టలేను. పిచ్చుక రోజూలాగే వెళ్ళి అవతల నిలబడి, టకటకా చదివేసింది.

"బట్టీ పట్టింది," అంటూనే టీచరు ముందుకు వంగింది. అప్పటికప్పుడు ఒక కాగితం మీద 'పిల్లి గొడుగు వేసుకుని బస్సెక్కింది' అని రాసి పిల్ల ముందు పెట్టింది. పిచ్చుక నోరు విప్పలేదు. టీచరు నా ముందున్న పుస్తకం వంక ఓసారి చూసి, కాగితాన్ని తలకిందులుగా తిప్పింది.

పిల్ల చదివి కిసుక్కున నవ్వింది. "టికెట్టు తీసిందా టీచర్?"

టీచరు లేచి పిల్ల పక్కకు వచ్చి, నా పుస్తకాన్ని అలాగే తలకిందులుగా చదవబోయింది. మూడో మాట దగ్గర ఆగిపోయింది. "అమ్మో, నాకే తల తిరుగుతోంది! క్లాసులో ఇది పుస్తకం తిప్పినప్పుడల్లా, ఆటలేమిటని నేనే లాగి తిన్నగా పెట్టాను."

నేను పిల్లను దగ్గరకు లాక్కున్నాను. "నేనే పాడుచేశానన్నమాట. ఇక జన్మంతా ఇంతేనా?"

"పాడేముందమ్మా, చదవడం వచ్చింది కదా! పుస్తకాన్ని రోజూ కాస్త కాస్త తిప్పుకుంటూ వద్దాం. ఇక్కడ నేను, ఇంట్లో మీరు," అంది టీచరు.

"తన తరగతిలోనేనా?"

"తన తరగతిలోనే."

"ఆర్నెల్లకు కూడా దారికి రాకపోతే?"

మధ్యవర్తి కలం తీసింది. "మళ్ళీ ముగ్గురం ఇక్కడే కూర్చుంటాం. మీరు ఒప్పుకోకుండా పిల్లను ఎక్కడికీ మార్చరు."

ఆ మాట కూడా రాయించి, రెండుసార్లు చదువుకున్నాకే సంతకం పెట్టాను.