అన్ని నేలల విత్తనం

"పత్తి మొక్కలు లాబీలో పెట్టాలి!" అని అరిచాడు సూపర్‌వైజర్ ఉదయ్ భాస్కర్. తట్ట దించుతున్న కూలీ లక్ష్మమ్మకు "లాభంలో" అని వినబడింది.

"పత్తి లాభంల పడుడేంది సారూ? నిరుడు మమ్ముల తెచ్చి ఈ మాదాపూర్ రాళ్లల్ల పడేసింది గద!"

కూలీలు గొల్లుమన్నారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మొక్కల పక్కనున్న సంచులు చూశారు. వానే దిక్కైన వాళ్ల ఎర్రమట్టి చెల్కలను నిరుడు మాడ్చిన విత్తనమే అది. సంచి మీద అచ్చు కూడా అదే: అన్ని నేలలకూ. అన్ని నేలలకూ అని అమ్మి, అందరినీ నేలపాలు చేశారు. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది తొలకరి దగ్గర పడింది. కొత్త అద్దాల మేడలో విత్తనాల కంపెనీ ఆఫీసు తెరుస్తోంది. లోపల జిల్లాల డీలర్లు భోంచేస్తున్నారు. బయట మిగతా సంచులతో లారీలు ఊళ్లకు బయలుదేరబోతున్నాయి.

అంతలో ట్రాక్టర్ నిండా నల్లరేగడి వచ్చింది.

"ఈడ ఎర్రమట్టి కుప్పలుండంగ ఇదెందుకు సారూ?" అన్నాడు తోటి కూలీ ఎల్లేశం.

"ఎర్రమట్టిలో ఈ రకం బతకదటయ్యా. మేనేజరుగారే తెప్పించారు," అన్నాడు ఉదయ్ భాస్కర్.

లక్ష్మమ్మ ఆ నల్లమట్టిని పిడికిట పట్టి చూసింది. ముందటేడు కంపెనీ వాళ్లు ఊరినంతా బస్సెక్కించి ఓ పత్తిచేను చూపించారు. కోడికూర పెట్టారు. అందరూ కాయ చూశారు, కాలికింద చూడలేదు. అది కాలువ పారే రేగడి.

"ఎల్లేశం, మీ తమ్ముడు గిదే విత్తుతడట గద? లోపలికి పోయి అడుగుదాం."

"అవునక్కా. గనీ లోపలికి పోతె మన కూలి పోతది."

"కూలి పోతె ఇంకోకాడ దొర్కుతది. పంట పోతె? తట్టలు పట్టుర్రి!"

తట్టల నిండా ఎర్రమట్టి ఎత్తుకుని కూలీలంతా లోపలికి నడిచారు. మెరిసే పాలరాతి మీద, డీలర్ల బూట్ల ముందు కుమ్మరించారు.

"మేనేజర్ సారూ, మొక్క గిండ్ల పెట్టు. నీళ్లు పొయ్యకు. మా లెక్క వానకోసం మొగులు దిక్కు సూడు," అంది లక్ష్మమ్మ.

మేనేజర్ భీమేశ్వరరావు చెమట తుడుచుకున్నాడు. "చిన్న పొరపాటండి. ఇది రేగడికి, తడికి తగిన రకం. చెల్కలకు వేరే రకం ఉంది. సంచి మీద అచ్చు తప్పు పడింది."

"నిరుడే ఎర్కనా?"

మేనేజర్ ఫోన్ అందుకున్నాడు.

"ఎర్కుండి మళ్ల గదే అచ్చు కొట్టిండ్రా?"

డీలర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పోలీసు జీపులు వచ్చాయి. లాఠీలు లేచాయి. లక్ష్మమ్మను ఈడ్చి జీపులో వేశారు. కానిస్టేబుల్ వీరేశం పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అన్నాడు.

"అక్కా, మా బాపు నిన్ననే తెచ్చిండు గా సంచి. మాది గూడ చెల్కనే."

"విత్తిండా?"

"వానకు సూస్తుండు."

జీపు అద్దం మీద చినుకు పడింది. లక్ష్మమ్మ వెనక్కి తిరిగి చూసింది. విత్తనాల లారీల చక్రాల ముందు, వానలో తడుస్తూ, కూలీలంతా బైఠాయించి ఉన్నారు.