వీధిగది పందెం

వీధిగది కోసం కోడలికీ ఆడపడుచుకీ మధ్య నెల రోజులుగా నలుగుతున్న తగవును అత్తగారు ఒక్క మాటతో తేల్చేశారు. "రోజూ ఆడుకుంటారుగా, ఆ చదరంగంలోనే తేల్చుకోండి. గెలిచినవాళ్లదే గది." ఎవరు గెలుస్తారో ఇంటిల్లిపాదికీ తెలుసు. కూతురంటే ఆవిడకు ప్రాణం మరి.

ఆడపడుచు అక్కడ బ్యూటీ పార్లర్ పెడతానంటుంది. కోడలిది రఫూ పని. బట్ట చిరిగిన చోట, చిరిగినట్టే తెలియకుండా పోగు పోగునా నేత వేస్తుంది. వెనక గదిలో బల్బు కింద నల్ల కోటు మీద నల్ల దారం కంటికి కనబడక రోజూ కళ్లు మండుతున్నాయి. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే పని మానుకోవలసిందే. మంచి కిటికీ ఉన్నది వీధిగదికొక్కదానికే.

ఆడపడుచు ఆట గుక్క తిప్పుకోనివ్వదు. మొదలెడుతూనే గుర్రాన్నీ శకటాన్నీ ఎదుటి రాజు పక్కనున్న బంటు మీదికి ఉసిగొల్పుతుంది. ఆ బంటుకి రాజు తప్ప వేరే కాపలా లేదు. గుర్రాన్ని బలి ఇచ్చి బంటును కొట్టి, వెనకే మంత్రిని దింపుతుంది. కోడలు హడలిపోయి రాజును మూలకు పరిగెత్తిస్తుంది. పదిహేను ఎత్తుల్లో అంతా అయిపోతుంది.

ఆదివారం మధ్యాహ్నం బల్ల వేశారు. గుర్రం వచ్చింది, బంటు పోయింది. కోడలు రాజుతో గుర్రాన్ని కొట్టింది. ఆడపడుచు మంత్రిని దింపి, రాజుకి గురిపెట్టి "షా" అంది.

"పారిపో అమ్మాయ్," అంది ఆడపడుచు నవ్వుతూ.

కోడలు పారిపోలేదు. ఇన్నాళ్లూ సూది చేతిలో ఉండగానే మనసులో ఓడిన ఆటలన్నీ మళ్లీ ఆడుకుంది. వెనక్కి వెళ్లిన ప్రతిసారీ ఓడింది. అందుకే రాజును ముందుకు జరిపింది, బల్ల నడిమధ్యకి.

అత్తగారు బుగ్గన వేలేసుకున్నారు. "రాజును అలా వీధిలో నిలబెడతారుటే?"

భయం లేక కాదు. అయినా ప్రతి షాకీ ఒక్క ఎత్తే వెతుక్కుంది. తర్వాతి ఎత్తు సంగతి తర్వాతే అనుకుంది. చివరికి తన శకటాన్ని ఒక బంటుకి వదులుకుని మంత్రుల్ని మార్పించింది. దాడికి దిక్కు లేకుండా పోయింది.

బల్ల మీద ఇప్పుడు లెక్కకి ఇద్దరూ సమానమే. కానీ ఆడపడుచు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అందరినీ పదిహేను ఎత్తుల్లో ముగించే మనిషి, ఇంత దూరం ఏనాడూ ఆడలేదు. ఏ బంటు జరపాలో తెలియక ఏదో జరిపింది, తర్వాత ఇంకేదో. కోడలి రాజు నడిమధ్యనే ఉన్నాడుగా, దారిలో ఉన్న బంట్లను ఒక్కొక్కటే ఏరుకున్నాడు.

"సమానం చేసేద్దామా?" అంది ఆడపడుచు, తలెత్తకుండా. "వచ్చే వారం మళ్లీ ఆడదాం."

కోడలు తల అడ్డంగా ఊపింది. "వద్దు వదినా. ఆడండి."

ఇంకో పది ఎత్తులకి కోడలి బంటు అవతలి గట్టు చేరి మంత్రి అయింది. ఆడపడుచు తన రాజును తనే పక్కకి పడుకోబెట్టింది.

"గది నీదే," అంది. పావులు మళ్లీ పేరుస్తూ, "రేపు మళ్లీ ఆడతావా?"

"ఆడతాను వదినా. గది మాత్రం పందెం పెట్టను."