రెండు చోట్ల ఉన్న కలశం

కంప్యూటర్లు అమ్మే దయాకర్‌రావు కొత్త కంప్యూటర్ అట్టపెట్టె ఇంకా విప్పకముందే బాలమల్లు చూపు అతని సంచి మీద పడింది. నల్లటి తోలు సంచి, మూతికి జిప్పు. లోపల ఏమున్నదో కనిపించని సంచి పట్టుకొచ్చేవాణ్ని నమ్మకూడదని బాలమల్లు బడి మానేశాక నేర్చుకున్నాడు. బళ్లో అది చెప్పలేదు.

కరీంనగర్‌లో పెండ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సుల్లో బాలమల్లుది చిన్నది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే పనిలో కళ్లు అరగదీసుకొని, ఆఖరికి సొంత దుకాణం పెట్టుకున్నాడు. మొదటి కంప్యూటర్ కొన్నప్పుడు సీసమంతా తుక్కు కింద తూకానికి అమ్మేశాడు. మిగిలింది తన చేత్తో గీసిన బొమ్మలు: మామిడాకుల కలశం, ఎదురెదురు చిలకలు, బాసింగాల అంచు. గీసిన కాగితాలను చెదలు తినేశాయి. అంతకుముందే కంప్యూటర్లోకి ఎక్కించారు కాబట్టి బొమ్మలు బతికాయి. పెద్దపల్లి నుంచి కూడా జనం బస్సెక్కి వచ్చేది ఆ కలశం కోసమే. రోడ్డుకు అవతల పర్శరాములు ప్రెస్సులో రంగుల మిషన్ ఉంది, అద్దాల తలుపులున్నాయి, కూర్చుంటే దిగబడే సోఫా ఉంది. ఆ కలశం మాత్రం లేదు.

పర్శరాములుకు కంప్యూటర్ అమ్మిందీ ఈ దయాకర్‌రావే.

"ఎక్స్ఛేంజీల పాతది నేను తీస్కపోత గదా మల్లన్నా. మొదలు దీన్ల సరుకంత కొత్తదాంట్లకు మార్చాలె," అని దయాకర్‌రావు రెండు కంప్యూటర్ల నడుమ ఒక వైరు తగిలించాడు.

కంపోజింగ్ చేసే సక్కుబాయి కుర్చీ జరిపి అతనికి చోటిచ్చింది. బాలమల్లుకు అక్క బిడ్డ. మూడుముళ్ల ముహూర్తం దగ్గర్నుంచి విందు దాకా ఏ వాక్యం ఎక్కడ పడాలో ఆమె వేళ్లకు తెలుసు.

కొంతసేపటికి కొత్త తెర మీద కార్డుల పేర్లు వరసగా దిగాయి. గంగాధర వారి పెండ్లి, బోథ్ ఊరివాళ్ల గృహప్రవేశం, అన్నీ. బాలమల్లు ఛాతీ తేలికైంది. అలవాటుగా పాత తెర వంక తిరిగాడు. అక్కడా అవే పేర్లు.

"గివి ఇంక అండ్లనే ఉన్నయేంది?"

"ఉంటయే మల్లన్నా. కాపీ జేసినం."

"గిటు వచ్చినంక అటెట్ల ఉంటయి?"

దయాకర్‌రావు నవ్వాడు. ఆ నవ్వు బాలమల్లుకు ముల్లులా గుచ్చుకుంది. అక్షరాల పెట్టెలోంచి ఒక 'క' తీస్తే ఆ గడిలో ఒక 'క' తగ్గాలి. పేజీలో ఉన్నది పెట్టెలో ఉండదు. వేళ్లు నల్లబడేలా ఇన్నేళ్లు చేసిన పని అది. ఒకే సరుకు రెండు చోట్ల ఉందంటే మూడో చోట ఎందుకుండదు? ఆ మూడో చోటు రోడ్డుకు అవతలే ఎందుకు కాకూడదు?

"జర చాయ్ తాగొస్త," అని దయాకర్‌రావు లేచి, తిన్నగా పర్శరాములు ప్రెస్సుకే పోయాడు. అద్దాల వెనక ఇద్దరూ సాసర్లు పట్టుకొని నవ్వుకోవడం కనిపించింది. పర్శరాములు ఒకసారి ఇటు చూసి చెయ్యి కూడా ఊపాడు.

"చూసినవా బిడ్డా? పాత డబ్బ ఇయ్యాల వాని కాడికే పోతది," అన్నాడు బాలమల్లు.

"చాయ్ తాగినోడల్ల దొంగనేనా మామా? మనం పోస్తే ఈడనే తాగుతుండె గదా," అంది సక్కుబాయి.

దయాకర్‌రావు తిరిగొచ్చేసరికి బాలమల్లు పాత కంప్యూటర్ ముందు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"సారూ, దీన్ల ఉన్నది మొత్తం తుడిచెయ్యి. నా కండ్ల ముంగట."

"ఆగే మల్లన్నా. ఇప్పుడు కార్డులే వచ్చినయి. సెట్టింగులు రాలే, తెలుగు ఫాంటు రాలే. బొమ్మలు పాతదాంట్లనే వేరే కాడ ఉన్నయి. అవి గూడ తెచ్చి, ఏ బొమ్మ యాడున్నదో కొత్తదానికి చూపియ్యాలె. ఒక్కటి తెరిచి చూసినంక తుడుద్దాం."

మోటారు బాగుచేసేవాడు 'ఇంకోటి పోయింది' అని సాగదీసినట్టే వినిపించింది బాలమల్లుకు. పేర్లన్నీ కళ్లముందే ఉన్నాయి గదా, ఇంకా ఏం రావాలి?

"మామా, సారు చెప్పేది ఇను జర," అంది సక్కుబాయి.

"ఓహో. నువ్వు గూడ గా పక్కకే తిరిగినవా?"

సక్కుబాయి మొహం మాడిపోయింది.

"దొరా, తుడుస్తవా, లేకపోతే సుత్తె తెమ్మంటవా?"

"తుడుస్త. మళ్ల నన్ననొద్దు," అని దయాకర్‌రావు కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. తెర మీద అంకెలు మెల్లగా పెరుగుతూ పోయాయి. అది పూర్తయ్యేదాకా బాలమల్లు రెప్ప వేయలేదు.

తర్వాత సక్కుబాయి కొత్తదాంట్లో గంగాధర వారి పెండ్లి తెరిచింది. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, తోకలు, చుక్కలు కలగలిసి, కోడి కెలికిన పెంటలా ఉంది. పైన కలశం ఉండాల్సిన చోట అడ్డగీతలు కొట్టిన ఉత్త డబ్బా.

"ఫాంటు మళ్ల వేసుకోవచ్చు," అన్నాడు దయాకర్‌రావు. "బొమ్మలే... అవి పాతదాంట్లనే ఉండె."

బాలమల్లు స్టూలు మీద కూలబడ్డాడు. లగ్గాలు నెత్తిమీద ఉన్నాయి. ఇప్పుడా కళ్లతో, వణికే చేత్తో ఆ మామిడాకుల ఈనెలు మళ్లీ గీయలేడు. రేపు పెద్దపల్లి బస్సు దిగినవాళ్లు రోడ్డు దాటి అవతలికే పోతారు.

దయాకర్‌రావు సంచి జిప్పు లాగి, రబ్బరుబ్యాండు చుట్టిన ఫ్లాపీల కట్ట ఒకటి బల్ల మీద పెట్టాడు.

"మొన్న రిపేరుకు వచ్చినప్పుడు బొమ్మలు ఒక సెట్టు తీసిపెట్టిన."

బాలమల్లు స్టూలు మీంచి లేచాడు.

"నన్నడగకుంటనా?"

"అడిగితే ఇస్తుంటివా?"

"ఎందుకు తీసినవ్?"

"అందరివీ తీస్త. గిట్లనే ఎవలదన్న ఖరాబైతే పనికొస్తయని."

"అవతలోనికి ఇచ్చినవా?"

"ఇయ్యలే మల్లన్నా."

బాలమల్లు అతని మొహంలో వెతికాడు. దొంగ మొహం ఎట్లా ఉంటుందో తనకు తెలుసనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఈ మొహంలో ఏమీ దొరకలేదు. తిడదామని నోటిదాకా వచ్చింది, కాని బల్ల మీది కట్ట ఇంకా కంప్యూటర్లోకి ఎక్కలేదు. ఎక్కించేవాడు వీడొక్కడే.

"సక్కూ, సారుకు మంచి చాయ్ చెప్పు. మలాయ్ ఏయమను," అన్నాడు.

పొద్దువాలేసరికి కలశం కొత్త తెర మీద నిలబడింది. ఆకులన్నీ ఉన్నాయి. చిలకలూ ఉన్నాయి. దయాకర్‌రావు ఫ్లాపీల కట్ట చేతిలో పట్టుకొని అడిగాడు.

"మరి ఇవి? చెరిపెయ్యమంటవా?"

చెరిపితే, రేపు ఈ కొత్త డబ్బా చచ్చిన రోజున ఎవని కాళ్లు పట్టుకోవాలి? చెరపకపోతే ఆ సంచి ఏ గడప తొక్కుతుందో ఎవరికెరుక?

"ఉండనీ," అన్నాడు బాలమల్లు, తన నోటి మీద తనకే కోపం వస్తుండగా.

ఆ తర్వాత ఒక సాయంత్రం బాలమల్లు ఇంటికి వేరే ప్రెస్సులో అచ్చయిన పెండ్లిపత్రిక వచ్చింది, నాలుగు మూలలా పసుపు అద్ది. బాలమల్లు దాన్ని బల్బు కిందికి తీసుకుపోయి, దాని మీది కలశాన్ని కంటికి ఆనించుకొని ఒక్కో ఈనెనూ చూస్తున్నాడు. మామిడాకులు తనవే అనిపించాయి. కావేమో అని కూడా అనిపించింది.

"ఎవలదయ్యా పెండ్లి?" అని లోపల్నుంచి భార్య శంకరవ్వ అడిగింది.

"ఆగు, చూస్తున్న," అన్నాడు. పిల్ల పేరూ పిలగాని పేరూ ఇంకా చదవలేదు.