కన్నారావు పేరు పక్కన ఎర్రగీత

అర్ధరాత్రి రెండు గంటలకి కన్నారావు వచ్చి పడవకి జెల్‌కోటు పూయాలట. రాలేదట, పూయలేదట. అందుకని అతని పేరు పక్కన ఎర్రగీత పడింది. షెడ్డు గోడకి కొత్తగా తగిలించిన టీవీ ఈ ఘనకార్యాన్ని పొద్దున్నే వచ్చేపోయేవాళ్లందరికీ చూపిస్తోంది.

కనకలక్ష్మి బ్యాగు బల్ల మీద పడేసి ఆ టీవీ వంక చూసింది. షాదీపూర్ నుంచి ఈ షెడ్డున్న చౌల్దారీ దాకా కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చిన మనిషి. అసలే చిరాగ్గా ఉంది. ఎవరైనా బుద్ధున్నవాడు రాత్రి రెండింటికి ఈ షెడ్డుకి వస్తాడా? గేటుకి తాళం వేసి ఉంటుంది. లోపల లైటు కూడా వెలగదు. ఆ సంగతి కుక్కలకి కూడా తెలుసు, ఈ సాఫ్ట్‌వేరుకి తప్ప.

నడిసముద్రపు దీవిలో ఉన్న ఆ షెడ్డులో ఫైబరు పడవలు తయారవుతాయి. చేపలవాళ్లకి చిన్న డింగీలు, టూరిస్టుల్ని తిప్పేవాళ్లకి కాస్త పెద్దవి. జెల్‌కోటంటే పడవకి పైన మెరిసే నున్నటి రంగు పొర. పైన కనిపిస్తుంది గానీ పనిలో మొదట పడేది అదే. పడవకి అచ్చులాంటి మౌల్డు లోపల ముందు దాన్ని పూసి, ఆరాక దాని మీద ఫైబరూ, దాన్ని అంటించే రెజినూ పరుస్తారు. అది సరిగ్గా పడకపోతే పడవంతా పొక్కులు. మిగతా పనికి నలుగురున్నారు గానీ జెల్‌కోటు పని మాత్రం కన్నారావు ఒక్కడిదే.

సాఫ్ట్‌వేరు రాకముందు ప్లానింగంతా కనకలక్ష్మి నోటి మీద నడిచేది. ఆమె లెక్క రోజుల్లో ఉండేది కాదు, షిప్పుల్లో ఉండేది. రెజిను దగ్గర్నుంచి బ్రష్షుల దాకా అన్నీ వైజాగ్ నుంచో చెన్నై నుంచో షిప్పులో దిగాల్సిందే. "ఈ షిప్పులో రెండు డింగీలు" అందంటే, దిగిన సరుకుతో, తర్వాతి షిప్పు వచ్చేలోపు రెండు పడవలు పూర్తి కావాలని. "వచ్చే షిప్పులో ఇస్తాం" అంటే కొనేవాళ్లు తలూపి వెళ్లిపోయేవారు. తేదీ చెప్పమని పట్టుబట్టినవాణ్ణి చూసి, వీడెవడో దీవులకి కొత్త అనుకునేవారు.

యజమాని సుబ్బరామయ్యకి ఇది నచ్చేది కాదు. ముప్పై ఏళ్లు సర్కారీ ఉద్యోగం వెలగబెట్టి, రిటైరయ్యాక ఇక్కడే స్థిరపడి పడవల షెడ్డు పెట్టిన మనిషి. అన్నీ కాగితం మీద పద్ధతిగా ఉండాలంటాడు. ఎడమ చెవి బాగానే పనిచేస్తుంది, కుడి చెవి మాత్రం సరిగ్గా వినపడదు. ఆ విషయం ఆయనకి తప్ప అందరికీ తెలుసు. హైదరాబాద్ కంపెనీ ఒకటి ఫోన్లోనే వివరాలన్నీ అడిగి తెలుసుకుని, ఏ పని ఎవరు ఎప్పుడు చేయాలో చెప్పే సాఫ్ట్‌వేరు పెట్టి ఇచ్చేసరికి, దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు.

బుధవారం పొద్దున్న ఆయన కనకలక్ష్మిని లోపలికి పిలిచాడు.

"చూశావామ్మా ఈ రిపోర్టు? కన్నారావు ముప్పై ఒక్క శాతం. అంటే మిగతా అరవై తొమ్మిది శాతం ఖాళీగా కూచుంటున్నాడన్నమాట."

"ఇది పూరా గలత్ సార్. అతను పొద్దున్నొస్తే సాయంత్రం దాకా బ్రష్షు దించడు. మీరూ చూస్తారు కదా."

"నేను చూసేది వేరు, లెక్క వేరు. మిషన్‌కి వాడి మీద పగేముంటుంది? ఉన్నది చెబుతుంది."

"రాత్రి రెండుకి రమ్మంటోంది సార్ అది!"

"కెపాసిటీ ప్రకారం రమ్మంటోంది. వాణ్ణి నెలజీతంలోంచి తీసేసి, పనున్న రోజు పిలుద్దాం. శనివారం మీటింగయ్యాక నువ్వే నచ్చజెప్పు. నీ మాటైతే వింటాడు."

కనకలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. మీటింగంటే ఆయనా, ఆమే, ఒక ఫ్లాస్కు టీ. ఆ మీటింగులో ఒక మనిషి కూడు తీసేసి, ఆ కబురు తన నోటితో చెప్పించాలని చూస్తున్నాడు. ఇంకో నాలుగు మాటలు చెప్పి చూసింది. గోడకి చెప్పుకున్నట్టే ఉంది.

బయటికొచ్చేసరికి కన్నారావు టీవీ కింద నిలబడి ఉన్నాడు. చేతికి తెల్లరంగు, ముఖంలో నెత్తురుచుక్క లేదు. తలుపు పల్చగా ఉంటే మాటలు బయటికి రాకుండా ఉంటాయా? సుబ్బరామయ్య మాట్లాడితే పక్క తోటలోకి కూడా వినపడుతుంది.

"ఏటి దీదీ, నాను కామ్‌చోర్‌నా? పనెగ్గొట్టీవోడినా?" అన్నాడు. "రోజూ నా పేరుకే లాల్ గీత. సరుకు తెచ్చిన లారీ భయ్యా కూడా సూసి నవ్వీసాడు."

"ఆ డబ్బాకి దిమాక్ లేదు కన్నా. నేను సరిచేయిస్తాను."

"కాకినాడ బోట్ యార్డ్‌లో మా బావున్నాడు. ఎప్పట్నించో రమ్మంటన్నాడు. శుక్రవారం వైజాగ్ షిప్పుంది. నిన్ననే టికెట్ తీసీసాను."

"నాతో చెప్పకుండానా?"

"సెప్పాలనే ఉంది దీదీ. సిగ్గేసింది." టీవీ వైపు చెయ్యి చూపించాడు. "జీతం మాట తర్వాత. అందరి ముందు పెట్టిన ఆ గీత తీయించు. సార్ చేత తీయించు. గీత పోతే టికెట్ చింపీస్తాను, కసమ్."

అంతే అతను అడిగింది. గీత పోవాలి, శుక్రవారం షిప్పు కదిలేలోపు. ఇదేమంత పెద్ద పని అనుకుంది కనకలక్ష్మి. హైదరాబాద్ కంపెనీకి ఫోను చేసేదాకా అలాగే అనుకుంది.

మొదట పాట వినిపించారు. తర్వాత ఇంగ్లీషు కావాలంటే ఒకటి నొక్కమన్నారు, హిందీకి రెండు నొక్కమన్నారు. నొక్కింది. మళ్లీ పాట. ఒక మనిషి గొంతు వినపడేసరికి బయట వాన అందుకుంది, లైను తెగింది. మళ్లీ చేసింది, మళ్లీ అదే పాట. ఆ పాట కట్టినవాణ్ణి కనకలక్ష్మి ఆ రోజు తిట్టిన తిట్లు రాయడానికి వీల్లేదు. సాయంత్రానికి దీపిక అనే అమ్మాయి దొరికింది.

"మీ ఇష్యూకి టికెట్ రైజ్ చేస్తాను మేడమ్," అంది దీపిక చాలా మర్యాదగా.

"ఇక్కడొకడు ఆల్రెడీ టికెట్ రైజ్ చేసేసుకున్నాడమ్మా. నువ్వు అదేం చేయకు. మా మనిషిని రాత్రి రెండుకి ఎందుకు పిలుస్తోందో అది చెప్పు బస్."

దీపిక ఏవో టకటకా నొక్కింది. "కరెక్టే కదా మేడమ్. మీది మూడు షిఫ్టుల ప్లాంటు. మిగతావాళ్లు నలుగురు కాబట్టి షిఫ్టులకి సర్దింది. జెల్‌కోటుకి ఒక్కరే ఉన్నారు, అందుకని ఆయన్ని మూడింటికీ వేసింది. ఆయన ఒక్క షిఫ్టే చేస్తున్నారు, మిగతా రెండూ రావట్లేదు."

"మూడు షిఫ్టులా? పొద్దున్నొస్తాం, సాయంత్రం పోతాం. మూడని ఎవరు చెప్పారు?"

"మీ సార్ గారే. కాల్ రికార్డింగ్ ఉంది. పంపించనా?"

గురువారం పొద్దున్న ఆ రికార్డింగ్ వచ్చింది. కనకలక్ష్మి ఫోను చెవికి ఆనించుకుని విన్నది.

"సార్, మీకు షిఫ్టులు ఎన్నండీ?" దీపిక గొంతు.

"షిప్పులా? మామూలుగా మూడమ్మా." సుబ్బరామయ్య గొంతు.

"మూడూ రెగ్యులర్‌గా ఉంటాయా సార్?"

"రెగ్యులరెక్కడమ్మా! వానాకాలంలో ఒకటి ఎగ్గొడుతుంది. తుపానైతే అసలేవీ రావు."

"మరి షిఫ్ట్ రాకపోతే పనెలా సార్?"

"ఏముందీ, అందరూ చేతులు ముడుచుకుని కూచోడమే!"

కనకలక్ష్మికి ముందు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నెలకి వచ్చే మూడు షిప్పులు అక్కడికెళ్లి రోజుకి మూడు షిఫ్టులై కూచున్నాయి. సముద్రం బాగోక రాని షిప్పు, పనెగ్గొట్టే కూలీల ఖాతాలో పడింది. నవ్వు ఆగాక ఏడుపొచ్చినంత పనైంది. ఈ మాత్రం దానికా కన్నారావు పెట్టె సర్దుకుంటున్నది!

పరిగెత్తుకెళ్లి కన్నారావుకి చెప్పింది. అతనూ నవ్వాడు. "సార్ ఏమన్నారు?" అని మాత్రం అడిగాడు.

ఆ సార్ ఎడమ చెవి దగ్గర ఫోను పెట్టి రికార్డింగంతా వినిపించింది. సుబ్బరామయ్య ముఖం ఎర్రబడింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆ పిల్ల షిప్పులనే అడిగింది. అడిగినదానికి నేను సరిగ్గానే చెప్పాను."

"తప్పెవరిదైనా కానీ సార్. ఒక్క షిఫ్టని మార్చమని మెసేజ్ పెట్టండి. మీ ఓకే లేకపోతే వాళ్లు మార్చరట. ఒక్క లైన్ సార్."

"శనివారం మీటింగుంది కదా. మినిట్స్‌లో రాసి, పద్ధతిగా మారుద్దాం."

"కన్నారావు రేపే వెళ్లిపోతున్నాడు!"

"అంటే బెదిరిస్తున్నాడా? ప్రతివాడి బెదిరింపుకీ సిస్టమ్ మార్చుకుంటూ పోతే ఫ్యాక్టరీ నడిచినట్టే."

అది బెదిరింపు కాదనీ, ఆయనకి ఇప్పుడు అడ్డం పడుతున్నది పద్ధతి కాదనీ, నామోషీ అనీ కనకలక్ష్మికి స్పష్టంగా అర్థమైంది. తన పొరపాటు తన చెవిన పడిన రోజే దిద్దుకుంటే ఒప్పుకున్నట్టవుతుంది. శనివారం మీటింగులో దిద్దితే సిస్టమ్ మెరుగుపరిచినట్టవుతుంది. ఆ రెండు రోజుల పరువు కోసం, ఆమె ఎంత బతిమాలినా ఆయన కదల్లేదు. మధ్యాహ్నం టౌన్లోని మిడిల్ పాయింట్‌లో ఎవరిదో గృహప్రవేశమని కారెక్కి పోయాడు. ఫోను ఎత్తలేదు.

కనకలక్ష్మి విసురుగా వెళ్లి టీవీ ప్లగ్గు పీకేసింది. గోడ నల్లబడింది.

కన్నారావు తలెత్తి చూశాడు. "స్విచ్ తీస్తే గీత పోద్దా దీదీ?"

ఆమె ప్లగ్గు మళ్లీ పెట్టింది. గీత అక్కడే ఉంది.

శుక్రవారం అతను వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చాడు. అందరికన్నా ముందే వచ్చి, మౌల్డులో చివరి డింగీకి జెల్‌కోటు పూసి, వేలి చివరతో అంటి చూసుకుని, బ్రష్షు శుభ్రంగా కడిగాడు. దాన్ని తీసుకొచ్చి కనకలక్ష్మి బల్ల మీద పెట్టాడు.

"ఈ షిప్పులో నా పని అయిపోయింది దీదీ."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఒక్కరోజు ఆగమంది. రేపు మారుతుంది, నేను పూచీ అంది. అతనికి కోపం లేదు, అదే ఆమెకి మరీ కష్టంగా ఉంది.

"మీ మీద ఏం లేదు దీదీ. సార్‌కి తెలిసింది కదా. తెలిసినాక కూడా ఉంచీసారు," అన్నాడు. గేటు దాటి, షిప్పులు ఆగే హడ్డో జెట్టీ వైపు వెళ్లే జీపు ఎక్కేశాడు.

శనివారం మీటింగు జరిగింది. టీ తాగి, సుబ్బరామయ్య మినిట్స్ చెప్పాడు, కనకలక్ష్మి రాసింది. "సిస్టమ్‌ను మరింత మెరుగుపరచు నిమిత్తం" అని మొదలైంది ఆ వాక్యం. ఓకే మెసేజ్ పెట్టాడు. పది నిమిషాల్లో దీపిక మార్చేసింది. ఇంత చిన్న పని! కనకలక్ష్మికి గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

ఇద్దరూ షెడ్డులోకొచ్చి టీవీ ముందు నిలబడ్డారు. తెర ఒకసారి తెల్లబడి, మళ్లీ వెలిగింది. అందరి పేర్ల పక్కనా పచ్చగీతలు వచ్చాయి. కన్నారావు పాత లెక్క కూడా మారి తొంభై మూడు శాతమైంది.

"చూశావా? సరైన సమాచారమిస్తే ఎంత బాగా చెబుతుందో!" అన్నాడు సుబ్బరామయ్య మురిసిపోతూ. "తొంభై మూడు! ఇలాంటివాణ్ణి వదులుకోకూడదు. ఫోను చేసి రమ్మను."

చేసింది. స్విచ్ ఆఫ్. నడిసముద్రంలో సిగ్నల్ ఎక్కడిది?

అంతలో తెర మీద ఈ రోజు పనుల వరస వచ్చింది. కన్నారావు పేరు పక్కన మళ్లీ ఎర్రగీత. దాని పక్కన రెండు ఇంగ్లీషు మాటలు. సుబ్బరామయ్య కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"మిస్‌డ్ షిఫ్ట్... ఇదేంటమ్మా, మళ్లీ తప్పు చూపిస్తోందా?"

"ఈసారి కరెక్టే సార్," అంది కనకలక్ష్మి. ఆమె గొంతు పెంచలేదు. "షిఫ్టు మిస్సయ్యాడు. షిప్పు మిస్సవలేదు."

ఆమె నిలబడింది ఆయన కుడి పక్కన.

"షిఫ్టు మిస్సవలేదా?" అన్నాడు సుబ్బరామయ్య, తెర వంక అయోమయంగా చూస్తూ. "మరి మిస్సయ్యాడనే ఉంది కదమ్మా ఇక్కడ?"