బేరం కాఫీ

మా ఆయన షబ్బీర్ కుదురుగా కూర్చుని కాఫీ తాగడం పెళ్ళయినప్పటి నుంచీ నేను చూడలేదు. ఊరందరికీ పోస్తాడు. తను మాత్రం అటూ ఇటూ తిరుగుతూ, గ్లాసు ఎక్కడో పెట్టి మరిచిపోయి, "నా కాఫీ ఏదే?" అని నా మీద అరుస్తాడు. పెదకాకానిలో బస్సులు ఆగే చోట మాకు కాఫీ హోటలు ఉండేది. గుడికొచ్చేవాళ్ళు, దర్గాకొచ్చేవాళ్ళు, గుంటూరుకు సరుకు తోలుకెళ్ళే రైతులు, అందరూ మా దగ్గరే ఆగేవారు. హాయిగా నడిచే కొట్టు. ఆ హాయే ఆయనకు గిట్టలేదు.

2003లో ఒక ఆదివారం పేపర్లో అమెరికా కాఫీ కంపెనీ ఒకదాని గురించి వ్యాసం పడింది. ఒక్క కొట్టుతో మొదలై దేశదేశాల్లో వేల కొట్లు పెట్టిందట. ఏ ఊళ్ళో తాగినా ఒకటే రుచట. అక్కడ పనివాళ్ళను పనివాళ్ళనరట, భాగస్వాములంటారట. మనిషికి ఇల్లూ కాక, పనిచేసే చోటూ కాక, కాసేపు కూర్చోవడానికి మూడో చోటు కావాలట. ఆ పేపరు వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో శాంతి లేదు.

ముందు కుర్చీలు మార్చాడు. మూడో చోటు అన్నమాట. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేశాడు. జనం వాటిలో కూర్చుని, కాఫీ తాగి, నిద్రపోయారు. బస్సులు వెళ్ళిపోయాయి. లేచి మమ్మల్నే తిట్టారు. తర్వాత గ్లాసులు కడిగే ఆవిడను భాగస్వామి అని పిలిచాడు. "ఆ మాట మా ఆయన చెవినబడితే నా కాళ్ళు విరగ్గొడతాడన్నా" అని ఆవిడ ఆ వారమంతా పనికి రాలేదు.

"ఒకే చోట ఉంటే ఎదగం గదా కౌసర్. పర్చూరులో పెడదాం. తర్వాత వినుకొండ. ఆ తర్వాత..."

"ఆ తర్వాత అమెరికా," అన్నాను.

ఆయన నవ్వలేదు. నాకు భయమేసింది.

పర్చూరు దాటాక రోడ్డు పక్కన నాలుగైదు మిర్చి కొట్లున్నాయి. వాటిలో పెద్దది చెంచురామయ్య గారిది. రైతుల దగ్గర సరుకు కొని గుంటూరుకు పంపుతాడు. తన కొట్టు ముందున్న పందిరిలో మాకు చోటిచ్చాడు. "నాకు నచ్చినన్నాళ్ళు ఉండు, నచ్చకపోతే లేచిపో" అన్నాడు. అదే మా ఒప్పందం. ఆ మాట విని కూడా మా ఆయన పెదకాకాని కొట్టును తమ్ముడు అస్లాం పేర రాసిచ్చేశాడు. వెనక్కి పోవడానికి దారి ఉంటే మనసు ముందుకు పోదట! నేను వద్దన్నాను, ఏడ్చాను, అన్నం మానేశాను. ఆయన సామాను సర్దాడు. ఇక ఆ పందిరి తప్ప మాకు బతుకుతెరువు లేదు.

కొట్టు తెరిచిన రోజు ‘ఈ రోజు కాఫీ ఉచితం’ అని బోర్డు కట్టాడు.

"ఆ కంపెనీవాళ్ళు ప్రకటనల మీద డబ్బు తగలెయ్యరే. కాఫీ తెచ్చి చేతిలో పెడతారు. తాగినోడు పదిమందికి చెప్తాడు," అన్నాడు.

చిన్న గ్లాసుల్లో కాఫీ పోసి, పళ్ళెంలో పెట్టుకుని బయల్దేరాడు. రైతులు మూతికి తువాళ్ళు చుట్టుకుని మిర్చి బస్తాల మీద కూర్చుని ఉన్నారు. ఒక్కడంటే ఒక్కడు గ్లాసు ముట్టుకోలేదు. ఒకాయనైతే చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు.

"ఎవరు పంపించారు?" అని అడిగాడు ఇంకొకాయన.

"ఎవరూ పంపలేదండీ. ఊరికేనే. తాగండి."

ఊరికే అనేసరికి ఆయన బస్తా దిగి అవతలికి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా కాఫీలో విషం కలిపానా? పక్కనే నీడలో మిరపకాయల తొడిమలు తీస్తున్న వీరమ్మ అనే ఆవిడను నిలదీశాను.

"మీ ఊరోళ్ళకు కాఫీ అంటే అంత చేదా?"

వీరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "చేదెందుకమ్మా! ఇక్కడ ధర పైకి చెప్పుకోరు. తువాలు కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. బేరం కుదిరితే కొన్నోళ్ళు రైతుకు కాఫీ ఇప్పిస్తారు. గుటక మింగాడంటే మాట ఇచ్చినట్టే. ఇంక వెనక్కి పోయేది లేదు. మీ ఆయనేమో పొద్దున్నుంచీ అందరికీ ఊరికే తాగమంటున్నాడు. ఎవరు తాగుతారు?"

నేను పరుగెత్తాను. అప్పటికే ఆలస్యమైంది.

జక్రయ్య అనే ముసలాయన ఒకడున్నాడు. కౌలు రైతు. ఆ ఉదయం చెంచురామయ్య తువాలు కింద ఎన్నిసార్లు ధర చెప్పినా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అంత అన్యాయపు ధర అది. మిర్చి ఘాటుకు పొలమారి, కళ్ళు మూసుకుని దగ్గుతున్నాడు. మా ఆయన జాలిపడి, చల్లారిపోయిన కాఫీ గ్లాసు చేతిలో పెట్టాడు. మంచినీళ్ళనుకుని ముసలాయన గడగడా తాగేశాడు.

చెంచురామయ్య గుమ్మంలోంచి అంతా చూశాడు.

"పందిరి నాది, కాఫీ నాది. తాగావు గదా జక్రయ్యా, బేరం అయిపోయింది. కాటా వెయ్యండిరా!"

"నేనొప్పుకోలేదయ్యా! నీళ్ళనుకున్నా. ఆ ధరకిస్తే కౌలు కూడా రాదు, పిల్లలు పస్తులే," అని జక్రయ్య దణ్ణం పెట్టాడు. హమాలీలు బస్తా ఎత్తారు. చుట్టూ ఉన్న రైతులు తలలు దించుకున్నారు. మాట అంటే మాటే వాళ్ళకు.

నాకు ఏం తోచిందో, ఎలా తోచిందో తెలియదు. వెళ్ళి ముసలాయన ముందు చెయ్యి చాపాను.

"పెద్దాయనా, కాఫీ తాగావు. మూడు రూపాయలియ్యి."

అందరూ నా వైపు తిరిగారు. జక్రయ్య బిత్తరపోయాడు. "డబ్బులెక్కడియమ్మా, సరుకు అమ్ముడుపోతేగదా?"

"అయితే నీ దగ్గరేదుంటే అదియ్యి."

ఆయన నా మొహంలోకి చూశాడు. అర్థమైంది. బస్తా మూతి లాగి, గుప్పెడు మిరపకాయలు తీసి నా చేతిలో పోశాడు.

చెంచురామయ్య పకపకా నవ్వాడు. "బోర్డు చదవడం రాదా అమ్మా? ఏవయ్యా షబ్బీరూ, కొట్టు నీది, నువ్వు చెప్పు. ఆ కాఫీ ఉచితమా, కాదా?"

ఉచితమంటే పందిరి ఉంటుంది. కాదంటే ఈ క్షణమే రోడ్డు. పర్చూరు, వినుకొండ, దేశదేశాలు, అన్నీ ఆ ఒక్క మాట మీద ఉన్నాయి. ఆయన ఏమంటాడో నాకు నిజంగా తెలియలేదు. కట్టుకున్న మనిషి గురించి తెలియకపోవడం ఎంత నరకమో అప్పుడు తెలిసింది.

ఆయన వచ్చి నా చేతిలోని కాయలు తీసుకుని చొక్కా జేబులో పోసుకున్నాడు.

"కాదండీ. ఆయన వెల ఇచ్చాడు, నేను పుచ్చుకున్నాను. అది ఆయన సొంత కాఫీ."

"వెల పుచ్చుకున్నాక ఇంకేం బేరం?" అన్నాడు రైతుల్లో ఒకాయన. హమాలీలు బస్తా దించేశారు. జక్రయ్య కొడుకు వయసున్నవాళ్ళు ఇద్దరు దాన్ని పక్క కొట్టుకు మోసుకెళ్ళారు.

"లేపెయ్యండిరా ఆ పొయ్యిని!" అని అరిచాడు చెంచురామయ్య.

సామాను రోడ్డు మీద పడేశారు. డికాక్షన్ అంతా మట్టిలో కలిసిపోయింది. సరిగ్గా అప్పుడు ఒక్కొక్కరే వచ్చారు, పొద్దున చేతులు దాచుకున్నాయనతో సహా. "అమ్మా, ఒక కాఫీ. డబ్బులిస్తాం," అంటూ చిల్లర చాపారు. పొయ్యడానికి చుక్క లేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను.

ఎండలో బస్సు కోసం నిలబడ్డాం. మా ఆయన రోడ్డు మీద పడ్డ గ్లాసులు ఏరుతున్నాడు. ఆయన పథకాలు విని విని విసిగిపోయినదాన్ని, ఏ పథకమూ లేని ఆయన్ని మాత్రం భరించలేకపోయాను.

"వినుకొండకు బస్సు ఇటే వస్తదా?" అని అడిగాను.

"ఎందుకు?"

"ఆ ఊళ్ళో బేరం కుదిరితే ఏం తాగుతారో ముందు కనుక్కుందాం."

ఆయన నా వంక అలాగే చూశాడు. బస్సు ఇంకా రాకముందే పొయ్యి ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.