పలకరింపుకు వెళ్ళిన ఇద్దరు

శనివారం ఆఖరి పీరియడ్ తలుచుకుంటేనే రమాసుందరికి నీరసం వచ్చేది.

పటమటలో ఒక చిన్న ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆవిడ జువాలజీ లెక్చరర్. జూన్‌లో ప్రిన్సిపాల్ వెంకటసుబ్బారావుగారు పిలిచి, "పిల్లలు ఫోన్లు తప్ప మనుషుల్ని చూడట్లేదని తల్లిదండ్రులు గోల పెడుతున్నారమ్మా. ఒక పదిమందిని మీకు అప్పజెప్తాను. వారానికో గంట. కాస్త మనుషులతో మాట్లాడ్డం నేర్పండి" అన్నారు. అదెలా నేర్పుతారో ఆయనకీ తెలియదు, ఆవిడకీ తెలియదు. ఇంట్లో సొంత కొడుకు విఠల్ గది తలుపేసుకుని, అన్నం కూడా లోపలికే తెప్పించుకుంటాడు. ఆ సంగతి చెప్పి తప్పించుకుందామనుకుంది గానీ, చెప్పడానికి మొహం చెల్లలేదు.

పిల్లలు ఫోన్లు గేటు దగ్గర వాచ్‌మన్‌కిచ్చి వచ్చేవాళ్ళు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచనట్టు కూర్చునేవాళ్ళు. పక్కవాళ్ళని ఏదైనా అడగమంటే నవ్వి తల దించుకునేవాళ్ళు. వేదవ్యాస్ అనే కుర్రాడొక్కడే గడగడా మాట్లాడేవాడు, అదీ ఎవరి మొహమూ చూడకుండా, నోటికేది వస్తే అది. శాంభవి అసలు నోరే విప్పేది కాదు. ఆ అమ్మాయి పక్కన శాలిని కూర్చునేది. శాలినిది కూచిపూడి దారిలో ఒక పల్లె, పటమటలో పిన్నిగారింట్లో ఉండి చదువుకుంటోంది. "రాత్రి పొద్దుపోయేదాకా మా పిల్ల శాలినితోనే మెసేజులండీ" అని శాంభవి తల్లి ఒకసారి చెప్పింది. క్లాసులో మాత్రం పక్కపక్కనే కూర్చుని ఇద్దరూ ఒక్క మాట అనుకునేవాళ్ళు కాదు.

నవంబరులో శాలిని తల్లి అమలమ్మ హఠాత్తుగా చనిపోయింది. క్లాసు వాట్సాప్ గ్రూపు నిండా ఏడుపు బొమ్మలు, దండం పెట్టే చేతులు. ఆ శనివారం రమాసుందరి పాఠం ఏదీ మొదలుపెట్టలేదు.

"రేపు నేను శాలిని వాళ్ళింటికి వెళ్తున్నాను. ఎవరొస్తారు?" అని అడిగింది.

వేదవ్యాస్ కిటికీ వైపు చూస్తూ, "అక్కడ ఏం మాట్లాడాలి మేడమ్?" అన్నాడు.

"నాకూ తెలీదు నాన్నా. వెళ్ళాక చూద్దాం."

సాయంత్రం ఆవిడే పిల్లల ఇళ్ళకి ఫోన్లు చేసింది. ట్యూషన్ ఉందని ఒకరు, ఒంట్లో బాగాలేదని ఒకరు. శాంభవి తల్లి చాలాసేపు నసిగింది. "చావింటికా మేడమ్? అసలే భయస్తురాలండీ." కూతుర్ని అడిగి, "వస్తానంటోంది. ఎందుకంటోందో నాకర్థం కావట్లేదు. మీరే తీసుకెళ్ళి తీసుకురండి" అంది.

ఆదివారం పొద్దున్నే ఆవిడ, శాంభవి, వేదవ్యాస్ ముగ్గురూ బందరు బస్సెక్కారు. పిల్లలిద్దరూ ఫోన్లలో తలలు దూర్చారు. వద్దనే ఓపిక రమాసుందరికి లేదు. కిటికీలోంచి పచ్చటి చేలు వెనక్కి పోతూనే ఉన్నాయి. పామర్రులో దిగి ఆటో మాట్లాడుకున్నారు.

రెండు గదుల డాబా. వాకిట్లో షామియానా విప్పేశారు గానీ ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిమీదొకటి పేర్చి అలాగే ఉన్నాయి. వరండాలో అమలమ్మ ఫొటోకి దండ వేసి, ముందు కొవ్వొత్తి వెలిగించారు. శాలిని తండ్రి శౌరయ్య ట్రాక్టరు తోలుతాడు. గడ్డం మాసి, లుంగీతోనే కూర్చుని ఉన్నాడు. కూతురి మేడమ్ అని తెలిసి లేచాడు. తనే కుర్చీలు తెచ్చి వేశాడు.

"ధైర్యంగా ఉండాలండీ" అంది రమాసుందరి. ఆయన తలూపాడు. ఆ వారంలో వచ్చిన ప్రతివాళ్ళకీ అలాగే తలూపి ఉంటాడు. వచ్చిన ముగ్గురూ కుర్చీల్లో కూర్చున్నారు.

ఉన్నట్టుండి వేదవ్యాస్ అడిగాడు. "ఆంటీ ఎలా చనిపోయారంకుల్?"

రమాసుందరికి ప్రాణం చచ్చిపోయినట్టయింది. వాడి మోచెయ్యి గిల్లబోయింది. శౌరయ్య మాత్రం ఆ కుర్రాడి వంక తేరిపార చూశాడు.

"బట్టలు ఆరేస్తా ఉంది బాబూ. తలనొప్పిగా ఉందయ్యా, కాసిని టీ పెట్టుకో అంది. నేను టీ పెట్టుకుంటా ఉన్నా. ఎప్పుడూ తనే పెట్టేది."

"మీకు టీ పెట్టడం వచ్చా?"

"రాదు. పంచదార ఎక్కడుందని కేకేశా. పలకలేదు. కోపమొచ్చింది నాకు. పలకదేందని మళ్ళీ కేకేశా." ఆయన వాకిట్లో బట్టల తీగె వంక చూశాడు. "ఆ కోపంతోనే బయటికొచ్చానయ్యా."

వేదవ్యాస్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "అప్పటికే పడిపోయారా?" అని అడిగాడు. శౌరయ్య మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. చీర తీగెకి సగం వేలాడుతున్న సంగతి, ఆటో దొరకని సంగతి. కుర్రాడు మధ్యమధ్యలో ఏదో అడుగుతూనే ఉన్నాడు. వాడు ఒక మనిషి మొహంలోకి అంతసేపు చూడడం రమాసుందరి అదే మొదటిసారి చూసింది.

శాంభవి తన కుర్చీలో లేదు. వరండా చివర స్తంభానికి ఆనుకుని ఫోన్ పట్టుకుని నిలబడింది.

"చూడట్లేదు మేడమ్" అంది, ఆవిడ దగ్గరికి రాగానే.

"ఎవరు?"

"శాలిని. మెసేజ్ పెట్టాను, వచ్చామని."

"లోపలే ఉంది కదమ్మా."

"నాకు మాటలు రావు మేడమ్. నన్ను వెళ్ళమనకండి."

అలాంటప్పుడు ఏం చెప్పాలో రమాసుందరి లెక్చరర్ల శిక్షణ తరగతుల్లో వినే ఉంది. ఒక్కటీ గుర్తు రాలేదు. పొద్దుటినుంచీ మోకాళ్ళు సలుపుతున్నాయి. "రాకపోతే పోనీ" అంది. "ఆ పిల్ల నేలమీద కూర్చుంది. నేను కింద కూర్చోలేను. నువ్వెళ్ళి కూర్చో. అంతే."

లోపల శాలిని మేనత్త రావమ్మ గోంగూర కట్టలు ముందేసుకుని ఆకు తుంచుతోంది. ఎదురుగా శాలిని. శాంభవి వెళ్ళి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. శాంభవి ఒక కాడ చేతిలోకి తీసుకుంది.

"కాడలు పడకూడదు" అంది శాలిని.

"ఇలాగా?"

"ఊఁ. ముదురాకు వద్దు."

రావమ్మ ఇద్దర్నీ చూసి, పొయ్యిమీద అన్నం ఉందని లేచి వెళ్ళిపోయింది.

"నా ఫోన్ ఎక్కడ పెట్టానో తెలీదు" అంది శాలిని.

"చాలా మెసేజులు పెట్టాను."

"ఏం పెట్టావ్?"

శాంభవి చెయ్యి ఆగిపోయింది. ఫోన్ తీయబోయి, మళ్ళీ ఒళ్ళోనే ఉంచేసుకుంది.

"చెప్పు" అంది శాలిని.

"బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చుంటున్నానని. బాగాలేదని." ఒళ్ళోని ఫోన్ తీసి పక్కన పెట్టింది. "అమ్మ గురించి ఏం రాయాలో తెలీక, అదే రాశాను."

శాలిని చేతిలో ఆకు కింద పెట్టింది. మోకాళ్ళమీద తల ఆన్చి ఏడవడం మొదలుపెట్టింది. శాంభవి బెదిరిపోయి గుమ్మంలో ఉన్న రమాసుందరి వంక చూసింది. ఆవిడ కదల్లేదు. శాంభవి పసరంటిన చేతిని ఓణీకి తుడుచుకుని, నెమ్మదిగా శాలిని వీపుమీద వేసింది. ఎంతసేపు వేసి ఉంచాలో తెలియక, తీయకుండా అలాగే కూర్చుంది.

అన్నం తిని వెళ్ళమని శౌరయ్య పట్టుబట్టాడు. తిన్నారు. తిరుగు బస్సెక్కగానే పిల్లలిద్దరూ మళ్ళీ ఫోన్లు తీశారు. రమాసుందరి కళ్ళు మూసుకుని, తాము దిగే బెంజి సర్కిల్ వచ్చేదాకా నిద్రపోయింది.

డిసెంబరులో పరీక్షలు దగ్గరపడ్డాయని ప్రిన్సిపాల్‌గారు ఆ శనివారం గంటని స్టడీ అవర్ చేసేశారు. "మీరు చాలా కష్టపడ్డారమ్మా, వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు. రమాసుందరికి దిగులు వెయ్యలేదు. నిజం చెప్పాలంటే హాయిగానే అనిపించింది. పదిమందిలో ఎనిమిదిమంది జూన్‌లో ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు.

ఆ సాయంత్రం సిటీ బస్సు కోసం నిలబడితే, స్టాపులో కాస్త అవతల శాంభవి గొంతు వినపడింది. శాలినితో పోట్లాడుతోంది. రికార్డు ఇస్తానని ఇవ్వలేదని, అడిగితే మొహం తిప్పుకుందని. "నేనేం మొహం తిప్పుకోలేదు, నువ్వే సరిగ్గా అడగలేదు" అని శాలిని గట్టిగా అంటోంది. జనం తిరిగి చూస్తున్నారు. వాళ్ళిద్దరికీ అదేం పట్టలేదు.

వెళ్ళి సర్దిచెబుదామా అనుకుంది రమాసుందరి. ఇంతలో బస్సొచ్చింది. కూర్చోడానికి సీటు ఖాళీగా కనపడితే ఎక్కేసింది.